బొక్కల సేట్ నాలుక

బొక్కల బస్తాల్లో రాళ్లు కలిపి అమ్మాడని ఒక మనిషిని జమ్మికుంట మార్కెట్ గేటు ముందర నిలబెట్టి దొంగ అన్నారు. ఆయన కలపలేదు. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు ముప్పై ఏళ్లకు పైనే పట్టింది. ఎందుకు పట్టిందో కూడా రాస్తాను. దాచుకుని ఇప్పుడు నేను కట్టుకుపోయేదేముంది.

పోయిన వానకాలం మొదట్లో ఆయన చనిపోయాడు. పలకరించడానికి వెళ్తే ఆయన భార్య, మా భాభీ, బయటికి రాలేదు. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాళ్ల ముందుకు రాదు, అది ముస్లింల పద్ధతి. తలుపుకు కట్టిన తెర వెనక నుంచే మాట్లాడింది.

"తమ్మీ, మీ అన్న పన్ను నువ్వే తీస్కపో. ఆయన ఉన్నన్ని దినాలు గది నాకు సవతి లెక్క ఉండె. పొద్దున లేస్తె దాని మొఖమే సూసెటోడు. ఇగ దాన్ని నేనేం జేసుకోవాలె?"

కూతురు ఒక మూట తెచ్చి నా చేతుల్లో పెట్టింది. పాత లుంగీ గుడ్డ, మూడు ముళ్లు. లోపల ఇటుకంత పన్ను. బరువు ఇటుక కన్నా చాలా ఎక్కువ. దాని సంగతి చెప్పాలంటే ముందు ఆయన నాలుక సంగతి చెప్పాలి.

ఎముకను మా దిక్కు బొక్క అంటాం. చచ్చిన ఎడ్లు, బర్రెలు ఊరి బయట ఎండి ఒట్టి బొక్కలు మిగిలితే వాటిని ఏరి బస్తాల్లో పట్టుకొచ్చేవాళ్లు ఆ రోజుల్లో చాలామంది. వాటిని కొని, రైలు వ్యాగన్లలో ఎరువుల మిల్లుకు పంపడం ఆయన వ్యాపారం. స్టేషన్ వెనక రేకుల షెడ్డు. గాలి మార్కెట్ వైపు తిరిగితే మాకు అన్నం సయించేది కాదు. చుట్టూ నాలుగు ఇళ్ల స్థలం ఖాళీగానే ఉండేది, ఎవరూ కొనలేదు. ఆ వాసన ఆయనకు మాత్రం తెలిసినట్టే ఉండేది కాదు. తెల్లని కుర్తా, చెవి మీద అత్తరు దూది పెట్టుకుని ఆ గుట్టల మధ్య పెండ్లికి వచ్చిన మనిషిలా తిరిగేవాడు.

బరువు పెరగాలని కొందరు బస్తాల మీద నీళ్లు చల్లి తెచ్చేవాళ్లు. పైన ఎండినట్టు ఉంటుంది, లోపల చెమ్మ. కంటికి తెలియదు, చేతికీ తెలియదు. ఆయన బస్తా అడుగు నుంచి ఒక బొక్కను లాగి, విరిగిన చోట నాలుక కొస ఆనించేవాడు. ఎండిన బొక్క నాలుకను పట్టుకుంటుంది. తడి బొక్క జారిపోతుంది. అంతే, బేరం అయిపోయినట్టు. ఆ తర్వాత చెంబెడు నీళ్లు పుక్కిలించి ఉమ్మేవాడు.

"కండ్లకు కనికట్టు ఉంటది తమ్మీ, చేతికి మొహమాటం ఉంటది. నాలుకకు గిసుంటివి తెల్వయి" అనేవాడు.

రంజాన్ నెలలో పగలు నాలుక పెట్టకూడదు, ఉపవాసం. ఆ నెలంతా బస్తాలు షెడ్డు ముందర వరుసగా కూర్చుని ఎదురుచూసేవి. పొద్దు గూకి, ఖర్జూరం తిని, నీళ్లు తాగిన తర్వాతే ఒక్కొక్కటి విప్పేవాడు. ఇంట్లో భాభీ ఆయనకు వేరే గ్లాసు పెట్టింది. "నాకు మొగడు దొరికిండా, కుక్క దొరికిందా" అని ఆయన ముందే అనేది. ఆయన నవ్వి ఆ గ్లాసులోనే చాయ్ తాగేవాడు.

బొక్కను చూసి అది ఏ జంతువుదో చెప్పడం ఎవరైనా చేస్తారు. ఆయన అంతకు మించి చెప్పేవాడు. ఎద్దు గిట్ట పై బొక్కను వేళ్లతో తడిమి, "గిది దాపటెద్దు, కాడికి ఎడమ దిక్కుది. సాల్ల నడిచి నడిచి గీ పక్క గడ్డ గట్టింది సూడు" అనేవాడు. ఒక ఆవు నడుము బొక్క పట్టుకుని "పాపం, రెండోసారి ఈనంగ సచ్చింది" అన్నాడొకసారి. తెచ్చినవాడు నోరు తెరిచాడు, అది నిజమే మరి. ఆయన ఏనాడూ బడికి పోలేదు. నేను మూడో తరగతితో ఆగినవాణ్ణి. మిగతా చదువు మార్కెట్ చీటీల మీద, పల్లీలు కట్టిచ్చిన పేపర్ల మీద సంపాదించాను. అందుకే చదువుకోని తెలివిని చూస్తే నాకు గౌరవం. ఆ రోజు ఆ గౌరవం ఎక్కడ పోయిందో మరి.

ఒక ఏడాది గోదావరి పెద్దగా వచ్చింది. నీళ్లు తీసిన తర్వాత మంథని దిక్కు ఒక చోట గట్టు విరిగిపడి, మట్టిలో నుంచి బొక్కలు బయటపడ్డాయి. అక్కడివాళ్లు వాటిని మామూలు పశువుల బొక్కలతో కలిపి బస్తాల్లో తెచ్చారు. కొన్ని ముక్కలు రంగు తేడా, ముదురు గోధుమ. ఎత్తితే చెయ్యి కిందికి గుంజుతోంది. ఆయన అలవాటు ప్రకారం నాలుక ఆనించాడు. పట్టుకుంది. మామూలు బొక్క కన్నా గట్టిగా పట్టుకుంది. బొక్కే అనుకుని కొన్నాడు, వ్యాగన్‌లో ఎక్కించాడు. ఒక్క పన్ను మాత్రం తీసి పక్కన పెట్టుకున్నాడు. అది ఏ జంతువుదో ఆయనకు తెలియలేదు. ఆయన బతుకులో అట్లా జరగడం అదే మొదలు.

పది రోజులకు మిల్లు ఏజెంటు ఒక గోనెసంచి పట్టుకుని దిగాడు. మార్కెట్ గేటు ముందర చాయ్ హోటల్ దగ్గర, జనం ముందర, సంచి కుమ్మరించాడు. గోధుమరంగు ముక్కలు.

"సేటూ, మా మిషిన్ సుత్తెలు రెండు పలిగినయ్. బొక్కలకు ఇనుప సుత్తె పలుగుతదా?"

"పలుగది. గని గివి బొక్కలే."

"రాళ్లు గావా?"

"నాలుక పెట్టి సూడున్రి."

హోటల్ అంతా నవ్వింది. "నువ్వు నాకుడు సాలదని మమ్ముల గూడ నాకమంటున్నవా?" అన్నాడు ఏజెంటు. ఇంకెవరో, "దడువాయిని పిలువున్రి, తూకం అబద్ధం జెప్పది గద" అన్నారు.

దడువాయి అంటే మార్కెట్ యార్డులో పత్తి తూకం వేసేవాడు. ఆ దడువాయిని నేనే. వెళ్లాను. తక్కెడలో ఒక పక్క ఆ ముక్క, ఒక పక్క అంతే పొడవు, అంతే లావు ఉన్న ఎద్దు బొక్క వేశాను. ఎద్దు బొక్కలు మూడు వేస్తే గాని ముల్లు నడిమికి రాలేదు.

"ఏందే దడువాయీ, జెప్పు."

"రాయి" అన్నాను.

ఆయన జనంలో నుంచి నా దగ్గరికి వచ్చాడు. కోపంగా రాలేదు. లెక్క తప్పిన మనిషి మళ్లీ కూడి చూడమని అడగడానికి వచ్చినట్టు వచ్చాడు.

"తమ్మీ, నువ్వు నాలుగు అక్షరాలు తెల్సినోనివి. ఒక్కపాలి జర నాలుక పెట్టు. తర్వాత నువ్వేమంటె గదే."

"ఛీ" అన్నాను.

ఆయన ఆ ముక్కను కుర్తా అంచుతో బాగా తుడిచి మళ్లీ చాపాడు. తుడిస్తే పెడతాననుకున్నాడు. నలుగురూ చూస్తున్నారు. చచ్చిన గొడ్డు బొక్క మీద నాలుక పెట్టిన దడువాయి అని రేపటి నుంచి నన్ను పిలుస్తారని నా భయం. నేను ముఖం తిప్పుకుని మళ్లీ "రాయే" అన్నాను.

ఆ రోజుతో మిల్లు ఆయన సరుకు బంద్ చేసింది. బొక్కల సేట్ రాళ్ల సేట్ అయ్యాడు. తర్వాత చిన్నాచితకా వాళ్లకు అమ్ముకుని బతికాడు గాని, ఆయన నిలబడి చెప్పిన మాటకు బజారులో విలువ లేకుండా పోయింది. దొంగ అన్న ఏజెంటు సుఖంగా బతికి పోయాడు. చాయ్ హోటల్‌లో నవ్వినవాళ్లు మర్నాడే మర్చిపోయారు. నవ్వినవాళ్లకు మరుపు తొందరగా వస్తుంది.

నా మీద అట్లా దొంగతనం మోపితే నేనైతే ఇల్లు కదలలేకపోయేవాణ్ణి. ఆయన అట్లా ముడుచుకోలేదు. పన్నును లుంగీ గుడ్డలో కట్టుకుని, సైకిల్ హ్యాండిల్‌కు తగిలించి, కనబడిన వాడినల్లా అడగడం మొదలుపెట్టాడు. తన మీద పడ్డ మాట గురించి అడిగేవాడు కాదు. "గిది ఏ జానువరుదో ఎరుకేనా?" ఇదే ప్రశ్న. పశువుల డాక్టరును అడిగాడు. ఒంటెల మీద వచ్చే సంచారులను అడిగాడు. సరిహద్దులోని బోథ్ దిక్కు నుంచి పత్తి అమ్ముకోవడానికి వచ్చిన రైతులను అడిగాడు, వాళ్లు సగం మరాఠీలో ఏదో దయ్యం పేరు చెబితే, "దయ్యం గడ్డి తింటదా, ఆకు తింటదా?" అని ఎదురడిగాడు.

ఒకసారి సాధువులు ఇంటింటికీ ఏనుగును తిప్పుతూ మా ఊరికి వచ్చారు. ఆయన గెల నుంచి రెండు చేతుల నిండా అరటిపండ్లు కొని దాని ముందర నిలబడ్డాడు.

"భాయ్, జర మూ ఖోలో ఇస్కా" అన్నాడు మావటితో, దాని నోరు కాస్త తెరిపించమని.

పన్ను పీకడానికి వచ్చాడేమోనని మావటి అంకుశం ఎత్తాడు. జనం గుమిగూడారు. "రాళ్ల సేట్ ఇగ ఏనుగును గూడ నాకుతడురో" అని ఒకడు అరిచాడు. ఆయన వినిపించుకోలేదు. అరటిపండుతో పాటు చెయ్యి మోచేతి దాకా ఏనుగు నోట్లో పెట్టి, కండ్లు మూసుకుని, చాలాసేపు తడిమాడు. ఏనుగు ఊరుకుంది. ఆయన వేళ్లలో ఏదో మర్యాద ఉంటుంది, పశువులకు తెలుస్తుంది.

చెయ్యి తుడుచుకుని నేరుగా యార్డులో నా దగ్గరికి వచ్చాడు. ఆ పంచాయితీ తర్వాత నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

"తమ్మీ, నువ్వు రాయి అన్నవు గద. రాయికి వరుసలెందుకున్నయ్?"

మూట విప్పి పన్నును నా తక్కెడ పక్కన పెట్టాడు.

"ఏనుగు పన్ను ఇసుర్రాయి లెక్క సదును. సన్న సన్న గీతలు. గిది సూడు, నాగలితోని సాల్లు దోలినట్టు ఎత్తు పల్లాలు. ఏనుగు గాదు. దాని చుట్టమే, గని గది గాదు. గడ్డి నమిలెదానికి సదును పన్ను గావాలె. గిది ఆకులు, మండలు తిన్నది. ఎవలిది తమ్మీ గిది?"

నన్ను తిట్టడానికి రాలేదు. నాకేమన్నా తెలుసేమోనని వచ్చాడు. అదే నన్ను కూల్చింది. మర్నాటి నుంచి సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చున్నాను.

ఇక్కడ నా కోపం ఒకటి చెప్పుకోవాలి. పాత బొక్క ఏది దొరికినా మనవాళ్లకు డైనోసారే. పేపర్లో డైనోసార్, బడి గోడ మీద డైనోసార్, గోదావరి ఒడ్డున గేదె దవడ తేలినా డైనోసార్. అవి పోయిన తర్వాత ఈ నేల ఖాళీగా ఉందా? ఎలుకంత ప్రాణులు, వాటి భయానికి కలుగుల్లో బతికినవి, అవి పోగానే బయటికి వచ్చి, పిల్లలకు పాలిచ్చుకుంటూ, ఎన్ని వేషాలు వేశాయో! నాలుగు కాళ్లతో నడిచిన తిమింగలం ఉండేదట, మన ఉపఖండంలోనే, వాయవ్యం కొండల్లో దొరికింది. జిరాఫీకి దాయాది ఒకటి, ఎద్దు ఒళ్లు, నెత్తి మీద చేటలంత కొమ్ములు, దానికి శివుడి పేరు పెట్టారు. నీటిగుర్రాలు మన గోదావరిలోనే మునిగి లేచేవి. ఇవన్నీ చదువుతుంటే నేను తూకం వేసిన పత్తి అంతా ఇవి నడిచిన మట్టిలో పండిందే కదా అనిపించేది. ఒక్క మాస్టారూ ఒక్కరోజూ ఈ సంగతి చెప్పడు.

ఒక లావు పుస్తకంలో ఆ పన్ను దొరికింది. అవే సాల్లు, అవే ఎత్తు పల్లాలు. స్టెగోడాన్ అంటారు. ఏనుగు లాంటిదే గాని, దంతాలు రెండూ బారెడు పొడవు, ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయంటే నడుమ తొండం పట్టదు. అందుకని తొండం ఒక పక్కకు వేలాడేసుకునేదట. ఆ బొమ్మను చీటీ వెనక పెన్సిల్‌తో గీసుకుని షెడ్డుకు వెళ్లాను.

భాభీ ముందు చూసింది. "అల్లా! గంత పెద్దగ పుట్టి ముక్కు యాడ పెట్టుకోవాల్నో తెల్వక పాయెనా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆయన నవ్వలేదు. చీటీని వెలుగుకు పెట్టి, దూరం పెట్టి, మళ్లీ దగ్గర పెట్టి చూశాడు. తర్వాత అడిగాడు.

"తమ్మీ, తొండంల బొక్క ఉంటదా?"

"ఉండది."

"మరి పక్కకే ఏసుకున్నదని గీ బొమ్మ గీసినోనికి ఎట్ల ఎరుక?"

"పెద్ద పెద్ద చదువులు సదివినోళ్లు సేట్."

"సదువనీయి. దంతాల మీదికెల్లి ఏసుకుంటె ఏం? బర్రె కొమ్ముల మీద తువ్వాల ఏసినట్టు. గీ గీసినోడు ఎన్నడన్న బొక్క పట్టిండా అని అడుగు."

ఆ సాయంత్రం మేం మూడుసార్లు చాయ్ తాగాం. నడిచే తిమింగలం సంగతి చెబితే ఆయన లేచి నిలబడ్డాడు. "నడుము బొక్కల ఆనవాలు ఉండాలె మల్ల! కాళ్లు పోయినా కాళ్ల జాగ పోదు" అన్నాడు. తిమింగలానికి ఇప్పటికీ లోపల చిన్న నడుము బొక్కలు మిగిలి ఉంటాయని పుస్తకంలో ఉంది. చెప్పాను. చిన్నపిల్లాడిలా రెండు తొడలూ చరుచుకున్నాడు. సముద్రం ముఖం చూడని మనిషి.

లేచేముందు పన్ను అందుకున్నాను. పైభాగం నున్నగా గాజులా ఉంటుంది. కింద వేరు విరిగిన చోట గరుకుగా ఉంటుంది. అక్కడ నాలుక పెట్టాను. మట్టి వాసన. చన్నీళ్లలా చల్లన. తర్వాత పట్టుకుంది. లాగితే చిన్న శబ్దంతో వదిలింది.

"ఎట్లున్నది?" అన్నాడు.

"అంటుకున్నది."

"ఆఁ." కాసేపు చీటీ మీద బొమ్మనే చూశాడు. "షెడ్డుల అంటె ఏం ఫాయిదా తమ్మీ. మార్కెట్ల అనాలె."

నేను అనలేదు. ఏమని అనాలి? రాయి అన్నది నేనే, కాదన్నా నన్నే నవ్వుతారు అనుకున్నాను. సర్కారు కాగితం ఒకటి తెప్పిస్తే అది చూపించి అందరి నోళ్లూ మూయించవచ్చని ఆయనకు చెప్పాను. ఆయన సరే అన్నాడు. "కాయితం వచ్చినంక దాన్ని హోటల్ల సదువు. గట్టిగ సదువు. ఏజెంటు లేకున్న మంచిదే, చాయ్ కాసెటోడు ఇంటె సాలు."

ఇక ఉత్తరాలు మొదలుపెట్టాను. హైదరాబాదులో పాత వస్తువుల కార్యాలయం ఒకటి ఉంది, దానికి రాశాను. ఇట్లా మా ఊరి బొక్కల సేట్ దగ్గర ఒక పన్ను ఉంది, ఇది బొక్కా రాయా తేల్చండి, ఆయన దొంగ కాడని రాసివ్వండి, తొండం ఏ పక్కకు ఉండేదో కూడా చెప్పండి, అని. జవాబు లేదు. మళ్లీ రాశాను. లేదు. అక్కడ అధికారులు మారారు, నేను రిటైరయ్యాను, చాయ్ హోటల్ పోయి మొబైల్ దుకాణం వచ్చింది, నా ఉత్తరాల్లో మాటలు మాత్రం ఉత్తరం ఉత్తరానికీ పదునెక్కాయి. ఒకదాంట్లో అయితే, ప్రజల సొమ్ముతో ఫ్యాన్ల కింద కునుకు తీస్తున్నారా అని రాశాను. వెనక్కి తీసుకోను. అది చదివి వినిపిస్తే ఆయన, "జర నిమ్మలంగ రాయి తమ్మీ, వాళ్లకు గూడ పని ఉంటది" అన్నాడు. దొంగ అనిపించుకున్నది ఆయన, కోపం నాది.

ఆఖరి రోజుల్లో చూపు మందగించింది. పన్నును ఒళ్లో పెట్టుకుని వరుసలు లెక్కపెట్టేవాడు, వేలితో. నేను వెళ్తే కాగితం సంగతి అడగడం మానేశాడు. "గది ఒక్కతే తిరిగిందా, మందల తిరిగిందా? పిల్లకు పాలెన్ని దినాలిచ్చింది?" ఇటువంటివే అడిగేవాడు. నాకు తెలిసినవి చెప్పేవాణ్ణి. తెలియనివి తెలియవనేవాణ్ణి, అది కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆయన పోయిన తర్వాత భాభీ ఇచ్చిన మూటను ఒళ్లో పెట్టుకుని బస్సులో హైదరాబాదు పోయాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు, బాంబు ఏమోనని మూట విప్పించాడు. పన్నును వాళ్ల బల్ల మీద పెట్టి, రసీదు రాయించుకుని, ఈసారి జవాబు రాకపోతే ఇక్కడే కూర్చుంటానని చెప్పి వచ్చాను. నెలన్నర తర్వాత, పోయిన మంగళవారం, కవరు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు దింపుతున్నాను:

"అయ్యా,

మీరు స్వయంగా తెచ్చి అప్పగించిన నమూనాను పరిశీలించాము. ఇది ఏనుగుకు దూరపు బంధువైన, ఇప్పుడు అంతరించిపోయిన స్టెగోడాన్ కింది దవడ పన్ను.

బొక్కా, రాయా అని అడిగారు. ఇది జంతువు శరీరంలో పన్నుగా పుట్టింది. నేలలో పడి ఉన్న కాలంలో ఖనిజాలు చేరి రాయిగా మారింది. దీనితో పాటు దొరికాయని మీరు రాసిన ముక్కలు కూడా ఇటువంటివే అయి ఉంటాయి. వాటిని బొక్కలు అన్న వ్యక్తి సరిగానే గుర్తించారు. వాటి బరువు ఆయన కలిపినది కాదు.

తొండం ఏ పక్కకు ఉండేదని అడిగారు. తొండంలో ఎముక ఉండదు కనుక మాకు తెలియదు. దంతాల మధ్య సందును బట్టి చేసిన ఊహ మాత్రమే. ఈ ప్రశ్న ఇంతకుముందు మమ్మల్ని ఎవరూ అడగలేదు.

నమూనాను రిజిస్టరులో నమోదు చేస్తున్నాము. అందులో 'గుర్తించినవారు' అన్న గడి ఖాళీగా ఉంది. మీ తొమ్మిది ఉత్తరాలూ ఫైలులో ఉన్నాయి. అన్నిటిలోనూ మీ పేరు, మీ తండ్రిగారి పేరు, ఇంటి నంబరు స్పష్టంగా ఉన్నాయి. ఆయనను మాత్రం ప్రతి ఉత్తరంలోనూ 'బొక్కల సేట్' అని మాత్రమే రాశారు. ఆయన పేరు తెలియజేయగలరు."